కచేరీలో దాచిన తుపాకి

ప్రజల కచేరీలోనికి ఒకడు తుపాకిని దుస్తులక్రింద దాచుకొని పోవుట తప్పగునా? లైసెన్సు కలవానికది తప్పు గాదని కొందఱును, ఎట్టివానికైనను తప్పేయని కొందఱును వాదించుచున్నారు. ఇతర దేశములవారికిది న్యాయవాదుల చర్చ. కర్నూలు, కడప సీమలవారమగు మనకిది బ్రదుకునకు సంబంధించిన చర్చ. కావున నిదానముగా విచారింతము.

మొదట చట్టమేమనుచున్నదో చూతము. 1959వ సంవత్సరపు ఆయుధచట్టము ననుసరించి లైసెన్సు లేక తుపాకి నుంచుకొనుట నేరము. లైసెన్సు కలవాడు మూడు తుపాకుల వఱకు నుంచుకొనవచ్చునన్న నియమమును 2019లో సవరించి రెండింటికి దించిరి. 2016వ సంవత్సరపు నిబంధనల ప్రకారము బహిరంగస్థలమున తుపాకి నొఱలోనో సంచిలోనో పూర్తిగ కప్పియుంచి తన స్వాధీనమున నుంచుకొనవలెను. పదిమంది కంటబడి భయము పుట్టింపరాదని దీని యుద్దేశము. ఎన్నికల విషయమున మాత్రము నియమమింకను కఠినమైనది. ఓటువేయు తావునకుగాని దాని దాపునకుగాని సామాన్యుడెవడును ఆయుధముతో పోరాదని 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్యచట్టము శాసించుచున్నది. పోయెనేని తుపాకి జప్తగును, లైసెన్సు రద్దగును. వీథిలో కప్పియుంచుమనుట యొక నియమము. ఓటుచావడికి తేనేవలదనుట మఱియొక నియమము. కచేరీకి తగినది యీ రెంటిలో నేది?

కప్పియున్నంతమాత్రమున ఆయుధము నిర్దోషమగునా యన్నది యిందలి మూలప్రశ్న. రామాయణమున, అరణ్యకాండలో, సీత రామునకొక కథ చెప్పును. సత్యవాదియగు నొక తపస్వియొద్ద ఇంద్రుడు ఖడ్గమును న్యాసముగా నుంచి పోయెను. దానిని కాపాడవలెనను శ్రద్ధతో నాతడు కందమూలములకు పోవునపుడు సైతము వెంట గొనిపోవుచుండెను. క్రమముగా నాతని బుద్ధి క్రౌర్యమునకు తిరిగి, తపస్సు చెడెను. ఆ తపస్వి చెడ్డవాడు గాడు. ఖడ్గము నెవరిపైనను ఎత్తవలెనని తెచ్చుకొన్నవాడును గాడు. ఆయుధము చేతిలో నుండుటయే వాని చూపును మార్చినది. లైసెన్సు గల పెద్దమనుష్యుని పక్షమున వాదించువారీ కథను మఱవరాదు.

ఇక మన సీమ సంగతి. 1800లో దత్తమండలములు కుంపిణీవారి చేతికి వచ్చినపుడు ఇచట సుమారు 80 మంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని బలగముతో నుండిరి. మన్రో దొర వారి బలమును అణచెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడి కోయిలకుంట్ల ఖజానామీదికి బహిరంగముగ దండెత్తెను; 1847లో ఆతనిని ఉరిదీసిరి. ఆనాటి కచేరి పరాయివారిది. దానిమీదికి ఎత్తిన ఆయుధము దాచినది గాదు. నేటి కచేరి మనది. మన కచేరీలోనికి మనమే ఆయుధమును దాచి కొనిపోవుట ఏ శౌర్యము?

దాచుట యందుమేకాని, మన గ్రామములలో అది యెవరికి దాగుచున్నది? ఫలానావాని చొక్కాక్రింద ఏమున్నదో బంట్రోతునకు తెలియును, గుమాస్తాకు తెలియును, ఎదుటి కక్షవానికి తెలియును. తెలియనిది చట్టమునకొక్కదానికే. చట్టమునకు దాచి పొరుగువానికి తెలియనిచ్చుటయే దాని ప్రయోజనము. ప్రతి సోమవారము కలెక్టరు కచేరీలో అర్జీలు పుచ్చుకొందురు. రెండెకరముల మెట్టచేను హద్దు చెరిపివేసిరని మొఱపెట్టుకొన నొక వితంతువు వచ్చినదనుకొందము. ప్రతివాది ప్రక్కబల్లమీద కూర్చుండి చొక్కా సవరించుకొనును. నోట మాట లేదు, చేత బెదిరింపు లేదు. ఆమె అర్జీ మడిచి కొంగున ముడివేసికొని ఇంటికి పోవును. బలవంతముచే పొందిన సమ్మతి చెల్లనవసరము లేదని 1872వ సంవత్సరపు కాంట్రాక్టుచట్టము చెప్పుచున్నది. మాటలేని యీ బలవంతమును రుజువుచేయు సాక్షి యెవడు?

ప్రతివాదమును త్రోసిపుచ్చరాదు. శత్రువులు గలవాని భయము కల్పితము గాదు. 2005 జనవరి 24న పొరుగు అనంతపురమున శాసనసభ్యుడు, మాజీమంత్రి పరిటాల రవీంద్రను పార్టీ కార్యాలయముననే కాల్చిచంపిరి. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీలోని రోహిణీ న్యాయస్థానమున న్యాయవాదుల వేషమున వచ్చిన యిద్దఱు, విచారణకు తెచ్చిన ఖైదీని కాల్చిచంపి, తామును పోలీసుల గుండ్లకు కూలిరి. ఇట్లుండగా నన్ను నిరాయుధునిగా రమ్మనుట న్యాయమా యని భయస్థుడడుగును. అడుగదగిన ప్రశ్నయే. కాని రోహిణిలో లోపించినది మఱియొక తుపాకి గాదు, వాకిట తనిఖీ. ఒకని యాయుధమును పుచ్చుకొన్న ప్రభుత్వము వాని ప్రాణమునకు ఋణపడుచున్నది. ఆ ఋణము తీర్పకయే నిషేధము వ్రాసిన, అది కాగితముమీద మిగులును.

రాజముద్రతో అనుమతి పొందినవారు తప్ప ఎవరును సాయుధులై తిరుగరాదని కౌటిల్యుడే అర్థశాస్త్రమున విధించెను. 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు పౌరులకుండవలెనని తీర్మానించెను. పరాయిప్రభుత్వము మనలను నిరాయుధులను జేసిన యవమానమునకది ప్రత్యుత్తరము. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్‌గారు ఆ హక్కును చేర్పవలెనని కోరగా, అంబేడ్కరుగారు అంగీకరింపలేదు. తుపాకి హక్కును రాజ్యాంగముననే వ్రాసికొన్న అమెరికాలో సైతము 2008లో వారి సర్వోన్నత న్యాయస్థానము ఆ హక్కును సమర్థించుచునే, బడులలోను ప్రభుత్వభవనములలోను ఆయుధమును నిషేధించు చట్టములను తాము శంకించుట లేదని చెప్పెను.

కావున కచేరీకి ఓటుచావడి నియమమే తగినదని మా యభిప్రాయము. ఓటుచావడిలో ధనికుడును కూలివాడును ఒక్కొక్క చీటితో సమానులు. కచేరీలో ఒక్కొక్క అర్జీతో సమానులు. ఆ సమత్వమే ఆ గోడలకు గౌరవము తెచ్చునది. వాకిట తుపాకి నప్పగించి రసీదు పొందు నేర్పాటుండవలెను. ప్రాణభయము గలవానిని పోలీసులు రక్షించి లోనికి కొనిపోయి మరల ఇల్లు చేర్పవలెను. ఈ నియమము నాయకుల వెంటవచ్చు గన్‌మెనులకును వర్తింపవలెను. లేనిచో బీదవాని నడుము తడిమి, గొప్పవాని తుపాకికి సలాము చేసినట్లగును.

చట్టము వాకిటివఱకే రాగలదు. తక్కినది మన మర్యాదలలో నున్నది. మేము బడిపంతులము. ఫలానా నాయకుని వెంట నెందఱు గన్‌మెనులున్నారో వ్రేళ్లమీద లెక్కించి చెప్పు బాలురను చూచుచున్నాము. ఆ లెక్క వారికి పుస్తకములలో దొరికినది గాదు, మన యరుగులమీద దొరికినది. పెండ్లిలోనైనను పంచాయతీలోనైనను తుపాకి గలవానికి ముందుపీట వేయుట మానితిమేని, దానిని దాచుకొని తిరుగవలెనను కోరికలో సగము తనంతట చచ్చును.