చప్పుడు వేరు, దోషము వేరు

వాహనంలో ప్రయాణం చేసే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చికాకు ఒకటి ఉన్నది. బండి సాఫీగానే పోతుంటుంది, ఇంజను బాగానే పనిచేస్తుంటుంది; కాని కాళ్ళ క్రింద ఎక్కడో టకటకమనో, గరగరమనో, కీచుమనో ఒక చప్పుడు. ఆపి, దిగి, వంగి చూస్తే ఏమీ కనిపించదు. కదిలితే మళ్ళీ మొదలు. ఇట్టి చప్పుడును మనమేమి చేయవలెను? రెండు మార్గాలున్నవి. ఒకటి, అది చెవిన పడకుండా చేసుకోవడం. రెండవది, దాని కారణమేదో కనిపెట్టడం. పైకి రెండింటి ఫలితమూ ఒక్కటే, ఏలనగా రెండింటి చివరా ఉండేది నిశ్శబ్దమే. కాని ఆ రెండు నిశ్శబ్దాలకూ మధ్యనున్న తేడా ధర్మానికి సంబంధించిన తేడా అని నా మనవి.

మరమ్మతు షెడ్డులో తేలిపోయే సంగతికి ధర్మవిచారణ ఎందుకని కొందరు అనవచ్చును. ఎందుకనగా, ఆ బండిలో మన భార్యాబిడ్డలు కూర్చుంటారు. ఆ బండి ముందు నుండి ఎవరి పిల్లలో రోడ్డు దాటుతుంటారు. మన చికాకు మన సొంతం. దాని వెనుకనున్న ప్రమాదం మాత్రం అందరిదీ. అదిగాక, కారణాన్ని వెదికే పద్ధతిలోనే న్యాయమూ అన్యాయమూ రెండూ ఇమిడి ఉన్నవి. మనుషుల మధ్య తప్పొప్పులను విచారించేటప్పుడు మనకు కావలసిన బుద్ధి ఏదో, చక్రాల క్రింది చప్పుడును వెదికేటప్పుడు కావలసినదీ అదే.

మొదట తెలుసుకోవలసిన విషయం, చెవి మనలను మోసగిస్తుందని. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది. ముందు చక్రం దగ్గర ఒక బుష్ అరిగి ఇనుము ఇనుమును కొట్టుకొన్నదనుకొందాము. ఆ దెబ్బ చట్రం వెంట క్షణంలో ప్రాకిపోయి, పలుచని రేకు ఎక్కడ ఉంటే అక్కడ దానిని తప్పెట వలె మ్రోగిస్తుంది. వినేవారికి చప్పుడు వెనుక సీటు క్రింద నుండి వచ్చినట్లే ఉంటుంది. మరొక విశేషమేమనగా, ప్రతి రేకుకూ, ప్రతి గొట్టానికీ తనదైన ఒక కంపనవేగం ఉంటుంది. ఇంజను కంపనం దానితో సరిగా కలిసినప్పుడే ఆ వస్తువు గట్టిగా మ్రోగుతుంది. వేగం కొంచెం పెరిగినా తగ్గినా మాయమైపోతుంది. కొన్ని చప్పుళ్ళు ఒకానొక వేగంలో మాత్రమే వినబడడానికి కారణమిదే. కనుక మ్రోగేది ఒకటి, కొట్టేది మరొకటి కావచ్చును. ఎక్కువగా మ్రోగినదానినే దోషిగా ఎంచడం తొందరపాటు.

మంచి మేస్త్రీకి ఈ సంగతి తెలుసును. బండిని చూడగానే అతడు పానా తీయడు, ముందు ప్రశ్నలడుగుతాడు. "ఎప్పుడు వస్తుందండీ? బండి నిలిచి ఉన్నప్పుడా, పోతున్నప్పుడా? బ్రేకు నొక్కితే మారుతుందా? మలుపు తిరిగితే పెరుగుతుందా? గుంటల్లోనే వస్తుందా? ఉదయం చల్లగా ఉన్నప్పుడా, పది మైళ్ళు పోయిన తరువాతనా?" వినేవారికి కాలయాపనగా తోచవచ్చును గాని, ఒక్కొక్క ప్రశ్న కొన్ని అనుమానాలను త్రోసివేస్తుంది. బండి నిలిపి ఇంజను మాత్రం నడిపినప్పుడు కూడా చప్పుడు వస్తే చక్రాల మీద అనుమానం పోతుంది; అప్పుడు సైలెన్సర్ గొట్టాన్నీ, దాని వేడి పైకి తగలకుండా బిగించిన పలుచని రేకునూ, గొట్టాన్ని వ్రేలాడదీసే రబ్బరు పట్టీలనూ చూడవలెను. చక్రం తిరిగే వేగంతో పాటు హోరు పెరుగుతూ, బండి ఒకవైపు తిరిగినప్పుడు ఎక్కువై, మరొకవైపు తిరిగినప్పుడు తగ్గితే బేరింగును అనుమానించవలెను. ఏలనగా కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది, ఎడమకు తిరిగేటప్పుడు కుడి చక్రాల మీదికి. ముందు చక్రాలకు శక్తినందించే కార్లలో బాగా మలుపు తిప్పి పోనిచ్చేటప్పుడు టిక్కుటిక్కుమన్నదంటే, యాక్సిల్ చివరనున్న జాయింటుకు తొడిగిన రబ్బరు చినిగి, గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి ఉండవచ్చును. చిన్న గుంటలలో కటకటలాడితే బుష్‌లనూ, బాల్ జాయింట్లనూ పరీక్షించవలెను. ఇక జాకీయో, పానాల సంచియో డిక్కీలో దొర్లుతూ పెద్ద రోగం వలె వినబడడం కూడా ఉన్నది. అందుచేత తెలివిగలవారు మొట్టమొదట డిక్కీ ఖాళీచేసి చూస్తారు.

ఈ వెదుకులాటలో ఒక నియమమున్నది: ఒకసారి ఒక్కటే మార్చవలెను. నాలుగు భాగాలు ఒక్కమారే మార్చి, చప్పుడు ఆగినదని సంతోషిస్తే, ఆ నాలుగింటిలో దోషి ఏదో ఎన్నటికీ తెలియదు. మూడు మంచి భాగాలు ఊరకనే శిక్ష పొందినవి. డబ్బు పెట్టినవాడు ఊరకనే నష్టపోయినాడు. నిజమైన కారణం ఆ నాలుగింటిలో లేకపోతే, మారిన అమరికలో అది కొంతకాలం అణగి ఉండి మళ్ళీ బయటపడుతుంది. అనుమానం వచ్చినదల్లా మార్చే మేస్త్రీ మోసగాడే కానక్కరలేదు. చాలాసార్లు అతడు ఓపిక లేనివాడు మాత్రమే. కాని ఓపికలేమి వలన కూడా అన్యాయం జరుగుతుంది. మనలో కూడా కొందరికి, బండిని చివరిసారి ఎవరు ముట్టుకొన్నారో వారే కారకులని తేల్చివేసే అలవాటున్నది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, ఈ చప్పుడు మీది చికాకు నిన్న చక్రం మార్చిన కుర్రవాని మీద పడుతుంది. ముందు జరిగినది వెనుక జరిగినదానికి కారణం కావచ్చును, కాకపోవచ్చును. పరీక్షించి చూడందే చెప్పరాదు.

మరొక విషయం. చికాకు ఎంత ఎక్కువైతే ప్రమాదమంత ఎక్కువని మనం సాధారణంగా అనుకొంటాము. అది నిజం కాదు. బ్రేకు డిస్కుకూ, దాని వెనుకనున్న రేకుకూ మధ్య ఒక చిన్న గులకరాయి చిక్కుకొంటే చెవులు చిల్లులు పడే కీచుశబ్దం వస్తుంది; రాయి తీసివేస్తే చాలాసార్లు అంతటితో సరి. అదే, పాడైపోతున్న బేరింగు మొదట్లో రోడ్డు హోరులో కలిసిపోయేంత మెల్లగా మూలుగుతుంది. అశ్రద్ధ చేస్తే చక్రానికే ముప్పు. గట్టిగా అరచినదెల్లా పెద్ద దోషం కాదు; మెల్లగా మూలిగినదెల్లా చిన్న దోషమూ కాదు. ఇదిగాక, కావాలని చికాకు కలిగించడానికే ఏర్పరచిన చప్పుడు కూడా ఒకటున్నది. అనేక కార్లలో బ్రేకు ప్యాడ్డుకు ఒక చిన్న లోహపు రేకు బిగిస్తారు. ప్యాడ్డు అరిగి పలుచబడినప్పుడు ఆ రేకు డిస్కును తాకి కీచుమంటుంది. "నన్ను మార్చండి, ఇంకా సమయమున్నది" అని చెప్పడమే దాని పని. ఆ కీచును భరించలేక రేకును వంచివేసేవాడు, వార్త తెచ్చినవాని నోరు నొక్కినవానితో సమానుడు.

వార్త తెచ్చినవారి మాట వచ్చింది గనుక చెబుతున్నాను. షోలాపూరు నుండి హైదరాబాదుకు కారులో పోయే ఒక కుటుంబాన్ని ఊహించుకొందాము. వెనుక సీటులో చక్రం మీదుగా కూర్చున్న కోడలు, "మామయ్యగారూ, నా కాళ్ళ క్రింద ఏదో గరగరమంటున్నదండీ" అంటుంది. బండి తోలుతున్న పెద్దాయన, "ఏమీ లేదమ్మా, రోడ్డు బాగుండలేదు" అంటాడు. ఆయన అబద్ధమాడలేదు, ఆయన కూర్చున్నచోట నిజంగా ఏమీ వినబడదు. కాని తనకు వినబడనిది లేనేలేదని తీర్మానించడం పొరపాటు. ఆమె వయసులో చిన్నదైనా, చక్రానికి ఆమే దగ్గర. పైగా రోజూ అదే బండి నడిపేవారి చెవి ఆ చప్పుడుకు అలవాటుపడిపోతుంది. ఇంటివారికి వినబడనిది వచ్చిన చుట్టానికి వినబడడం మనమెరుగనిది కాదు. అందుచేత పెద్దరికం గలవారు చేయవలసినది, బండి ఒక ప్రక్కకు ఆపి, కాసేపు తాము వెనుక కూర్చొని వినడం.

ఇదంతా చాదస్తమని తోచేవారికి ఒక యథార్థ వృత్తాంతం చెబుతాను. జర్మనీ దేశంలో 1991లో ఐ.సి.ఇ. అనే అతివేగపు రైళ్ళు నడవనారంభించినవి. వాటికి మొదట ఒకే ముద్దగా చేసిన ఉక్కు చక్రాలుండేవి. కొన్ని వేగాలలో కంపనం పుట్టి, భోజనశాల పెట్టెలో పాత్రలు అదరి మ్రోగుతున్నవని ప్రయాణికులు ఇబ్బంది పడినారు. అందుకని చక్రం నడుమభాగానికీ, బయటి ఉక్కు పట్టాకూ మధ్య రబ్బరు పొర ఉండే మరొక రకం చక్రాలు బిగించినారు. చప్పుడు తగ్గినది. కాని పలుచని బయటి పట్టా తిరిగినప్పుడల్లా నొక్కుడుపడి వంగుతూ, లోపలివైపు నుండి అలసి బీటవారుతుంది; ఆ బీట పైకి కనబడదు. 1998 జూన్ 3వ తేదీన గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైలులో అట్టి పట్టా ఒకటి తెగి, పెట్టె నేలను చీల్చుకొని సీట్ల మధ్య పైకి వచ్చింది. చూచిన ప్రయాణికుడు పోయి రైలు ఉద్యోగికి చెప్పినాడు. తాను స్వయంగా చూడనిదే రైలు ఆపరాదని ఆ ఉద్యోగి పాటించిన పద్ధతి. ఆయన చూడబోతున్నంతలోనే ఎషెడె గ్రామం వద్ద రైలు పట్టాలు తప్పి వంతెన స్తంభాన్ని ఢీకొన్నది. వంతెన కూలి పెట్టెల మీద పడింది. 101 మంది మరణించినారు. అటు తరువాత ఆ రైళ్ళకు మళ్ళీ ఒకే ముద్ద చక్రాలనే బిగించినారు.

ఈ వృత్తాంతంలో దుర్మార్గులెవరూ లేరు. పాత్రల చప్పుడు ఆపవలెనన్నది మంచి ఉద్దేశమే. కళ్ళారా చూచి గాని రైలు ఆపరాదన్న నియమానికి కూడా ఏదో కారణముండే ఉంటుంది. అయినా, కంపనాన్ని మాన్పే ఉపాయం కొత్త ప్రమాదాన్ని తెచ్చింది. ప్రమాదాన్ని కళ్ళారా చూచినవాని మాటకు తగిన విలువ దొరకలేదు. నిశ్శబ్దమే ఆరోగ్యమని నమ్మరాదనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

అయితే ప్రతి చప్పుడుకూ ఉలికిపడేవాడు ఏ ఊరూ చేరలేడు గదా, అని ఎవరైనా అడిగితే, ఆ మాట న్యాయమైనదే. కదిలే యంత్రం ఏదో ఒక శబ్దం చేయక తప్పదు. పాత బండికి కొన్ని మూలుగులు సహజం. కనుక మూడు గుర్తులు పెట్టుకొంటే చాలును. ఆ చప్పుడు కొత్తదా? నానాటికీ పెరుగుతున్నదా? బ్రేకుకో, స్టీరింగుకో, చక్రానికో సంబంధించినదా? ఈ మూడింటిలో ఒక్కదానికి అవునన్నా విచారణ చేయవలెను. మూడవదానికి అవునంటే ప్రయాణమే ఆపవలెను. మూడింటికీ కాదంటే ఓర్చుకోవచ్చును. విచారణ కూడా ప్రాణం మీదికి తెచ్చుకొనేదిగా ఉండరాదు. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద దూరరాదు. చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండు మీద నిలిపిన తరువాతనే దూరవలెను.

మనిషి యంత్రం కాదు; సంఘమూ యంత్రం కాదు. అయినా ఇంటిలోగాని, సంఘంలోగాని ఎవరో ఒకరు మాటిమాటికీ నొచ్చుకొంటూ, సభలో గొంతెత్తి మాట్లాడుతూ ఉంటే, "వీరిని ఊరుకోబెట్టండి, అంతా సరిపోతుంది" అనడం మనకు సులభమైపోయింది. ఆ గొంతు రేకు వంటిది కావచ్చును. దెబ్బ తగిలినచోటు వేరే ఉండవచ్చును. ఆయన తన మాటలో తప్పే చెప్పవచ్చును, కారణాన్ని పొరబడవచ్చును, అవసరానికి మించి అరవవచ్చును. అయినా ఆయనకు వినబడినది వినబడినదే. ఎప్పుడు మొదలయింది, ఎవరికి వినబడుతున్నది, ఏమి చేస్తే పెరుగుతున్నది అని అడిగి, ఒక్కొక్క అనుమానాన్నీ న్యాయంగా పరీక్షించి, నిర్దోషులను వదలిపెట్టి, దోషమున్నచోట మాత్రమే చేయి పెట్టగలిగితే, ఆ తరువాత కలిగే నిశ్శబ్దం మన సంపాదన అవుతుంది. నోరు నొక్కి తెచ్చుకొన్న నిశ్శబ్దం అప్పు వంటిది. దానిని తీర్చవలసి వచ్చే రోజు ముందుగా చెప్పి రాదు. తీర్చేవారు కూడా, చాలాసార్లు, ఆ అప్పు చేసినవారు కారు.