ఎందుకు పనికొస్తుందని?

పండక్కి బూజు దులుపుతుంటే సాలెపురుగొకటి నా భుజంమీద పడింది. దులిపేసి, పొరకెత్తి కొట్టబోయాను.

"చంపొద్దమ్మా! నిన్నేం చేసింది?" అంది మంచంమీద పడుకున్న మా అత్త.

"ఎందుకు పనికొస్తుందత్తా, ఇది?" అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

మగ్గాల చప్పుడు వినబడే కోడుమూరులో ఉండి నేతపురుగును పట్టుకుని నేనడిగిన ప్రశ్న చూడండి! పోనీ, దోమల్ని తింటుందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆమాత్రం ఉపకారం కూడా మనకు చెయ్యని సాలెపురుగొకటి మన సీమలోనే ఉందని ఈమధ్య మా అబ్బాయి చెప్పాడు.

అరచేయంత ఉంటుందట. నిగనిగలాడే నీలం. 1899లో గుత్తి రైల్వే కలప అడితిలో దొరికినదాన్ని చూసి, పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు లోహంలా మెరిసేదనే అర్థంలో పేరు పెట్టాడు. లోకానికి మాత్రం అది గుత్తి సాలీడే. ఆ తర్వాత నూరేళ్లదాకా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడింది. అప్పట్లో కలపతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని తెలిసినవాళ్ల అంచనా. మనలో కొందరికి పుట్టింటి పేరు పోయి మెట్టినింటి పేరు నిలిచినట్టు, దానికి దిగిన స్టేషను పేరు నిలిచింది!

పెద్ద మానుల తొర్రల్లో కాపురం. రాత్రిళ్లు పురుగుల్ని పట్టి తింటుంది. కలపకీ వంటచెరుకుకీ మానులు కొట్టేకొద్దీ దాని ఇల్లు కూలుతోంది. పైగా, అందానికి ముచ్చటపడి గాజుపెట్టెల్లో పెంచుకునే విదేశాలవాళ్ల మోజొకటి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది. అప్పటి లెక్కలో అది బతికే చోటు నూరు చదరపు కిలోమీటర్లయినా లేదు.

అది పోతే మా ఇంట్లో పొయ్యి ఆరిపోదు. పిల్లల చదువులూ ఆగవు. అందుకని పోనివ్వొచ్చా? పనికొచ్చేవాటినే బతకనిస్తామంటే ఆ లెక్క పురుగుల దగ్గరే ఆగుతుందా? శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటే సాలెపురుగే కదా. ఎందుకు పనికొస్తావని శివుడు దాన్ని అడగలేదు.

అప్పుడు తట్టింది నాకు, అత్త ఎందుకు మాట్లాడలేదో. మంచం పట్టినప్పట్నించీ, "ఇంక నాతో ఏం పనిలేమ్మా" అనడం ఆవిడకు అలవాటైంది.

పురుగును చేటలోకెక్కించి పెరట్లో వేపచెట్టుమీద వదిలి, వచ్చి అత్త పక్కన కూర్చున్నాను. బూజు సగం మిగిలే ఉంది. ఉండనీండి.