పాత ఇంటికి సున్నము వేయుట

పని మీద రాజమహేంద్రవరము వెళ్లినప్పుడు గోదావరి మీది పాత రైలు వంతెనను మీరు చూచియుందురు. 1897లో పని మొదలై 1900లో తెరువబడిన ఆ వంతెనకు అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ దొర పేరు పెట్టిరి. రాతి స్తంభముల మీద 56 అంకణములుగా సాగిన ఆ వంతెన సుమారు నూరేండ్లు రైళ్లను మోసినది. 1997లో దానికి విశ్రాంతి నిచ్చిరి. అప్పటినుండి దానిని విప్పి ఇనుముగా అమ్మవలెనా, జ్ఞాపకముగా నిలుపవలెనా అను మాట పట్టణములో నడిచినది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న పుట్టును. ఇల్లు లేని పేదవాడు గట్టు మీద పాకలో వానకు తడియుచుండగా, రైలు నడువని వంతెనకు రంగు వేయుటయా? ఈ ప్రశ్నను మనము త్రోసివేయరాదు. అయినను ఒక మాట ఆలోచించుడి. ఆ స్తంభములు లేచిన దినములలో నదిలో దిగి, రాయి మోసిన కూలివారి పేర్లు మనలో ఎవరికి తెలియును? దొర పేరు పుస్తకములలో నిలుచును. కూలివానికి వాని పనియే సాక్ష్యము. అది పోయినయెడల ఎక్కువగా నష్టపడువాడు పేదవాడే.

యొర్దాను దాటిన జనులు నది నడుమనుండి పన్నెండు రాళ్లు మోసికొని వచ్చి నిలిపిన సంగతి మీరెరుగుదురు. ఆ రాళ్లతో ఎవరును ఇల్లు కట్టుకొనలేదు. పిల్లలు చూచి అడుగుటకే అవి నిలిచెను.

అయితే ఆ పట్టణములోనే మనలను మరింత గట్టిగా అడుగు ఇల్లు ఒకటి కలదు. కందుకూరి వీరేశలింగము పంతులు గారు నివసించిన ఆ ఇంటిని పురావస్తు శాఖవారు స్మారకముగా కాపాడుచున్నారు. 1881 డిసెంబరు 11న పంతులు గారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరివారు వెలివేసిరి. వంటవారును నీళ్లు మోయువారును రామనగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తామే గోదావరి నీళ్లు మోసి వంట చేసిరి.

ఆ ఇంటి గోడకు సున్నము వేయుట సులభము. ఆ బిందె ఎత్తుకొనుట కష్టము. ప్రవక్తలను చంపినవారి సంతతివారే వారి సమాధులను అలంకరించుచున్నారని ప్రభువు గద్దించెను గదా! పంతులు గారి విగ్రహమునకు దండ వేసి ఇంటికి వచ్చి, మన ఇంటి పెండ్లిలో విధవరాలైన అక్కను పందిటి చివర కూర్చుండబెట్టినయెడల, మనము కాపాడినది ఏమి? ఇటుకలు మాత్రమే.

అట్లయిన ఆ ఇల్లు పడిపోనిమ్మందుమా? కూడదు. అది నిలిచియున్నంతకాలము మనలను అడుగుచునే యుండును. పడిపోయిన దినమున అడుగువాడు లేక మనము హాయిగా నిద్రించెదము. మనలను పొగడునని కాదు, మనలను అడుగునని పాత ఇంటిని కాపాడవలెను.

ఇది పట్టణపువారి సంగతి మాత్రమే కాదు. మీ ఊరి పాత ప్రార్థన మందిరమో, పాఠశాలయో కురియుచుండవచ్చును. క్రొత్తది కట్టుకొనుట తప్పు కాదు. అయితే గోడ పడగొట్టకమునుపు ఒక సాయంకాలము ఊరి వృద్ధులయొద్ద కూర్చుండుడి. మట్టి తొక్కినది ఎవరు, తాటిదూలములు మోసినది ఎవరు, తన కూలిలో అణా ఇచ్చిన విధవరాలు ఎవరు అని అడిగి, సంఘపు పుస్తకములో వ్రాసికొనుడి. క్రొత్త మందిరము తెరచు దినమున, పెద్ద చందాదారుల పేర్లు చదువకమునుపు, ఆ పేర్లను పిల్లల యెదుట చదువుడి. వారి ఇండ్లవారు నేడు ఎట్లున్నారో కూడ ఆ దినముననే విచారించుడి.