ఒడి చేరిన ప్రాణి

నేటి ధ్యానాంశం: నిర్హేతుక కృప

శరణాగతిని వివరించడానికి శ్రీవైష్ణవులు రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉండాలి. పట్టు వదిలితే పడిపోతుంది. ఇది శ్రీవైష్ణవుల్లో వడగలై శాఖవారు చెప్పే మర్కట కిశోర న్యాయం. పిల్లికూనకు ఆ శ్రమ లేదు. తల్లే దాని మెడ మీది చర్మాన్ని నోట కరుచుకుని మోసుకుపోతుంది. కూన కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉంటుంది, అంతే. ఇది తెంగలై శాఖవారు చెప్పే మార్జాల కిశోర న్యాయం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు మనవాళ్లు. ఆ ఏడిళ్లలో ఎక్కడా కూన బలమెంతో తల్లి అడగదు. అర్హత చూడని ఆ దయనే తెంగలై ఆచార్యులు పిళ్లై లోకాచార్యుల సంప్రదాయం నిర్హేతుక కృప అంది.

ఈ న్యాయం విన్నప్పుడల్లా మనం కూన స్థానంలోనే నిలబడతాం. పిల్లిని ఇంటికి తెచ్చుకున్నవారికి తల్లి స్థానం కూడా దక్కుతుంది. మచ్చికైన పిల్లి మన కాళ్లకు బుగ్గలు రాస్తుంది. అలా తన వాసన అంటించి మనల్ని తనవాళ్లలో కలుపుకుంటుంది. ఒళ్లో చేరి ముందుకాళ్లతో మెల్లగా ఒత్తుతుంది. పాలు తాగే రోజుల్లో తల్లి పొట్టను ఒత్తిన అలవాటే అది.

"ఎలుకలు పడుతుందా? బయల్దేరేటప్పుడు ఎదురొస్తేనో?" అని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ప్రయోజనం చూసి పెంచడంలో తప్పేమీ లేదు, కానీ అందులో కృప లేదు. పిల్లికి బిచ్చం పెట్టనివాడని లోభిని ఎత్తిపొడుస్తాం. బిచ్చమైతే ఒక్క పూటతో తీరిపోతుంది. చేరదీసిన పిల్లి పదిహేనేళ్లు బతకవచ్చు.

చేరదీయడమంటే దాని స్వభావంతో సహా చేరదీయడం. పిల్లి అనగానే గిన్నెడు పాలు పోస్తాం. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. వాటికి మాంసాహారం తప్పనిసరి. పెరుగన్నంతోనే సరిపెడితే టారిన్ అనే పోషకం అందక చూపు, గుండె దెబ్బతింటాయి. నీచు ముట్టని ఇంటికి ఇది చిక్కే. తెచ్చుకోకముందే ఆలోచించాలి. మనవల్ల కాదనిపిస్తే, వీలున్న ఇల్లు వెతికి అక్కడికి చేర్చడమూ దయే. మనం కోరింది కాక మనకు తగినదే భగవంతుడు ఇస్తాడని నమ్ముతాం కదా! మనల్ని నమ్మిన ప్రాణికి మనమూ అలాగే ఇవ్వాలి.

నేటి ఆచరణ: పిల్లిని తెచ్చుకోవాలని ఉంటే ఈరోజు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. దాని తిండి, రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, మీరు ఊరెళితే చూసుకునేవారు, అన్నీ తేల్చుకోండి. ఆ ఉద్దేశం లేనివారు, తిరిగి ఏమీ ఇవ్వలేని ఒకరికి ఈరోజు చేతనైన సాయం చేయండి.

ప్రార్థన: శ్రీమన్నారాయణా! నేను పట్టు వదిలిన రోజుల్లోనూ నువ్వు నన్ను వదల్లేదు. మా గడప తొక్కిన మూగజీవాన్ని ముద్దొచ్చినన్నాళ్లే కాక, ముసలిదై జబ్బుపడ్డా విసుక్కోకుండా సాకే ఓపిక మాకు ప్రసాదించు.