నీలగిరి పొగబండి - పరిరక్షణలో ధర్మసందేహం

ఒక వారసత్వ సంపదను చెడకుండా కాపాడాలని అన్నప్పుడు, దాని చెడని స్థితి ఏదన్న ప్రశ్న ముందుగా తేలవలసి ఉంటుంది. శిల్పం విషయంలో సమాధానం కొంత సులభం. శిల్పి ఉలి దించిన క్షణమంటూ ఒకటి ఉంది. నడిచే రైలుకు అటువంటి క్షణం లేదు. తమిళనాడులో మేట్టుపాళయం నుంచి ఉదగమండలం వరకు 46 కిలోమీటర్ల మేర సాగే నీలగిరి కొండరైలు ఈ చిక్కుకు తగిన ఉదాహరణ. ఈ మార్గం 1899లో కూనూరు వరకు, 1908లో ఉదగమండలం వరకు తెరుచుకున్నది. 1999లోనే గుర్తింపు పొందిన డార్జిలింగ్ రైలుతో జతచేసి, యునెస్కో దీనిని 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కల్లారు దాటిన తరువాత కూనూరు వరకు మార్గం సుమారు పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తుకు ఎక్కుతుంది. మామూలు చక్రానికి ఆ వాలు మీద పట్టు చిక్కదు. అందువల్ల పట్టాల నడుమ పళ్ళపట్టాను పరచి, ఇంజిన్ అడుగున పళ్ళచక్రాన్ని అమర్చారు. ఇంజిన్ దిగువ నుంచి పెట్టెలను పైకి నెడుతుంది. మామూలు చక్రాలను తిప్పిన ఆవిరే మరొక జత సిలిండర్లలోకి వెళ్ళి పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పెట్టెల ముందరి అరుగుల మీద బ్రేక్స్‌మన్‌లు నిలబడి, సంకేతాన్ని బట్టి చేతిబ్రేకు బిగిస్తారు. ఈ రైలు స్వభావమంటే ప్రధానంగా ఇదే. చుట్టూ ఉన్న లోయల అందం దీని తరువాతిది.

ఆ అందాన్నే 'చెక్కుచెదరని ప్రకృతి'గా వర్ణించటం పరిపాటి. కాని 16 సొరంగాలు, 250 వంతెనలు కొండను తొలవకుండా, కోయకుండా ఏర్పడలేదు. తోటల యజమానుల అవసరం, సైనిక స్థావరాల అవసరం, వేసవి విడిదికి వచ్చే దొరల సౌఖ్యం ఈ మార్గాన్ని కొండెక్కించాయి. తన కాలంలో ఈ రైలే ఆ కొండకు తగిలిన గాయం. నేడు రైలును మార్పునుంచి కాపాడాలనేవారు నాటి ఒక పెద్ద మార్పును కాపాడుతున్నారని ఒప్పుకోవలసి ఉంటుంది.

ఇక వస్తువు మాట. తొలినాళ్ళలో పేరుపొందిన ఎక్స్ తరగతి ఇంజిన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో తయారయ్యాయి. అవి అరిగిపోగా, అదే నమూనాలో కొత్తవి తిరుచ్చి దగ్గర పొన్మలై కర్మాగారంలో తయారయ్యాయి. ఇవి అసలువా, నకళ్ళా? మిళిందుడితో నాగసేనుడు జరిపిన రథచర్చ ఇక్కడ గుర్తుకు రాక మానదు. చక్రమూ రథం కాదు, ఇరుసూ రథం కాదు; భాగాల కూర్పుకు వ్యవహారంలో పెట్టుకున్న పేరు రథం. నైయాయికుల మతం వేరు. అవయవి అవయవాలకంటె భిన్నమైన సత్యవస్తువు. అయితే ఒక్క పోగు తీసినా పాత వస్త్రం నశించి కొత్తది పుడుతుంది. ఆ లెక్కన నీలగిరి రైలు ఎన్నోసార్లు మరణించింది. మొదటి వాదం ప్రకారం కాపాడటానికి పేరు తప్ప ఏమీ మిగలదు. రెండవ వాదం ప్రకారం కాపాడటమే అసాధ్యం. రైలును వస్తువుగాకాక ఒక వృత్తిగా, చేతులు మారుతూ కొనసాగే పనిగా చూస్తేనే ఈ ఇరకాటం తీరుతుంది. 1994 నాటి నారా పత్రం కూడా ప్రామాణికతను నిర్ణయించటంలో ముడిపదార్థంతో పాటు వినియోగాన్ని, సంప్రదాయ నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకున్నది. పొన్మలై కార్మికుడు పోతపోసిన కొత్త సిలిండర్‌కు, అద్దాల గదిలో చల్లారిన పాత ఇంజిన్‌కు లేని ప్రామాణికత ఈ దృష్టిలో ఉంది.

పని అన్న వెంటనే పనివాడి ప్రస్తావన వస్తుంది. ధర్మసందేహం నిజానికి ఇక్కడే ఉంది. బొగ్గుతో నడిచిన ఇంజిన్లలో కొన్ని చమురుకు మారాయి. ఇటీవల పొన్మలైలోనే బొగ్గుతో నడిచే కొత్త ఇంజిన్ కూడా తయారైంది. కిటికీలోంచి చూసేవారికి బొగ్గుపొగ గతకాలపు సౌందర్యం; పొయ్యి ముందు పార పట్టిన ఫైర్‌మన్‌కు అది వేడి, నుసి, నడుంనొప్పి. ఒకరి సౌందర్యానుభూతి కోసం మరొకరి శ్రమను పాతకాలపు స్థాయిలోనే నిలిపి ఉంచటం న్యాయమా? స్వచ్ఛతావాదులు ఈ ప్రశ్నకు చాలాసార్లు ముఖం చాటేస్తారు. ఇంధనం మారినా పళ్ళచక్రం, ఆవిరి రెండుసార్లు పనిచేసే పద్ధతి, బ్రేక్స్‌మన్ నేర్పు నిలుస్తాయి గనుక చమురును అపచారంగా ఎంచరాదు. ఈ ఏటవాలు భాగంలో డీజిల్ ప్రవేశిస్తే మాత్రం ఆ నేర్పులో పెద్దభాగం అనవసరమై, ఒక తరంలో అడుగంటుతుంది. రెండు మార్పులనూ ఒకే గాటన కట్టటం తగదు. కూనూరుకు పైన వాలు తగ్గి, పళ్ళపట్టా అవసరం లేని చోట డీజిల్ ఇంజిన్లు నడుస్తూనే ఉన్నాయి. వాటి వల్ల వారసత్వ గుర్తింపు పోలేదు.

మరొక చెరుపు పొగలేకుండా వస్తుంది. ఈ బండి మామూలు టిక్కెట్టుతో ఎవరైనా ఎక్కదగిన ప్రజా రవాణాగా బతికింది. అధిక రుసుముతో నడిచే ప్రత్యేక విహార బండ్లు పెరిగి, స్థానికుల ప్రయాణానికి చోటు కుంచించుకుపోతే, ఇంజిన్‌లో ఒక్క మర కూడా మారకుండానే రైలు స్వభావం మారిపోతుంది. నిర్వహణకు సొమ్ము ఆ విహార బండ్ల నుంచే రావాలన్న వాదంలో బలం లేకపోలేదు. కనుక ఒక రోజు రాకపోకల్లో ఎన్ని సీట్లు సామాన్య ప్రయాణికుడివి అన్న లెక్క కూడా, బాయిలర్ తనిఖీలాగే, పరిరక్షణ నివేదికలో చేరవలసి ఉంటుంది.