ఎండమావి, పడవ, వేపచిగురు

ఎండాకాలం మధ్యాహ్నం గుంతకల్లు నుంచి కసాపురం బయల్దేరితే తారురోడ్డు మీద కొంతదూరంలో నీళ్లు నిలిచినట్టు కనపడతాయి. దగ్గరికెళ్తే ఉండవు. కనపడినవి నిజంగా నీళ్లేనని ఎలా తేలుతుంది? దాహం తీరితేనే, అన్నారు న్యాయదర్శన పండితులైన నైయాయికులు. జ్ఞానం నిజమో కాదో బయటి ఆధారం తేల్చాలి, అదే పరతఃప్రామాణ్యం.

కసాపురంలో నెట్టికంటి ఆంజనేయస్వామిని ప్రతిష్ఠించాడని చెప్పుకునే వ్యాసరాయలు ఈ మాట ఒప్పుకోలేదు. విజయనగర రాజులు గురువుగా కొలిచిన ఈ మాధ్వ సన్న్యాసి (ఆయన 1539లో కన్నుమూశాడు) 'తర్కతాండవం' రాసింది నైయాయికులను ఎదుర్కోవడానికే. ఒక జ్ఞానానికి ఇంకో జ్ఞానం పూచీ పడితే, ఆ పూచీకి పూచీ ఎవరు? జ్ఞానం మామూలుగా తనంతట తానే ప్రమాణం (అదే స్వతఃప్రామాణ్యం), దాన్ని గుర్తించే సాక్షి మనలోనే ఉన్నాడు. తప్పుకు మాత్రమే కారణం బయట వెతకాలన్నది మాధ్వుల మాట.

2013 జూన్‌లో మధ్యధరా సముద్రంలో ఈ తగువు మళ్లీ లేచింది. 'వైట్ రోజ్ ఆఫ్ డ్రాక్స్' అనే విలాస నౌక మీద, నౌకవాళ్లతో ముందే మాట్లాడుకుని, టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన టాడ్ హంఫ్రీస్ బృందం దొంగ జీపీఎస్ సంకేతాలు పంపింది. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే అసలు సంకేతాలు చాలా బలహీనం. దొంగవి కాస్త గట్టిగా పలికేసరికి యాంటెన్నాలు వాటినే నమ్మాయి. అలారం మోగలేదు. నౌక దారి తప్పుతున్నట్టు తెర చూపింది, సిబ్బంది సరిదిద్దారు. నిజానికి దారి తప్పింది ఆ దిద్దుబాటుతోనే. తెర మీద గీత మాత్రం తిన్నగానే ఉంది!

జీపీఎస్ చూస్తే కళ్లారా చూసిన ప్రత్యక్షంలా ఉంటుంది గానీ, అది ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాడి మాట. కనీసం నాలుగు ఉపగ్రహాలు 'నేనిక్కడ ఉన్నా, టైం ఇంత' అంటే విని లెక్క కట్టుకోవడం. మరి ఆప్తుడి గొంతు అనుకరిస్తే? అందుకే నావికులు దిక్సూచి, రాడార్, లోతు కొలిచే యంత్రం, అన్నీ సరిచూసుకుంటారు. అలవాటులో అందరూ నైయాయికులే. కానీ రాడార్‌ను ఎవరు సరిచూస్తారు? ఎక్కడో ఒకచోట నమ్మి నిద్రపోక తప్పదు.

మరి ఆ జీపీఎస్సే లేకపోతే? 2018లో ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో భారత నావికుడు అభిలాష్ టోమీకి జీపీఎస్ నిషేధం. దారి సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్టెంట్‌తో వెతుక్కోవాలి. పడవలోని ట్రాకర్ మాత్రం ఆయనెక్కడున్నాడో ఒడ్డున ఉన్న నిర్వాహకులకు చెబుతూనే ఉంది. సెప్టెంబర్ 21న తెరచాప స్తంభం విరిగి, వెన్ను దెబ్బతిని, లేవలేక పడుకున్న మనిషిని మూడోరోజు ఫ్రెంచి నౌక 'ఒసిరిస్' చేరుకుంది. ఇక్కడ సాక్షి లోపల లేడు, ఒడ్డున కూర్చున్నాడు. వ్యాసరాయలు దీనికి ఏమనేవాడో!

ఆయన గురించి కసాపురంలో చెప్పుకునే కథ కూడా తమాషాగానే ఉంటుంది. ఆంజనేయస్వామి కలలోకి వచ్చి తన విగ్రహం ఉన్న చోటు చెప్పాడట. స్వతఃప్రామాణ్యం వాదించిన పెద్దాయన మరి ఆ కలనే నమ్మి తవ్వించాడా అంటే, లేదు. దగ్గరికి వెళ్లాక అక్కడి ఎండిన వేపచెట్టు చిగురించింది, అప్పుడు తవ్వించాడు.