అంగడి తూనికరాయి

మేము నివసించు జీడిమెట్ల వస్తువులు తయారగు చోటు. తెల్లవాఱకమున్నే యంత్రముల మ్రోత వినవచ్చును. లారీలు సరకు నింపుకొని పోవుచుండును. అయినను మా వీథిలోనివారు తమకు వలసినవాటికై బజారునకు పోవుట తగ్గినది. ఫోనులోనే అంగడి తెఱచి, వ్రేలితో ముట్టి తెప్పించుకొనుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. మేమును అట్లే చేయుచున్నాము. కాని ఆ యంగడిలో ధర్మమెట్లు నడచుచున్నదని విచారించువారు తక్కువ. ఇతరులను అవమానించు వస్తువులను అమ్మరాదని పెద్ద ఆన్‌లైను అంగళ్లు నియమములు వ్రాసికొనియున్నవి. నియమము మంచిదే. అది అందఱి యెడల ఒక్కరీతిగా నడచుచున్నదా యనునదే ప్రశ్న.

2017 జనవరిలో జరిగిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. అమెజాన్ సంస్థవారి కెనడా అంగడిలో మన జాతీయపతాకమును అచ్చొత్తిన కాలిపట్టాలు అమ్మకమునకు వచ్చినవి. అప్పటి విదేశాంగమంత్రిణి సుష్మాస్వరాజ్ గారు, బేషరతుగా క్షమాపణ చెప్పవలెననియు, లేనిచో ఆ సంస్థ యుద్యోగులకు వీసాలు ఇయ్యబోమనియు బహిరంగముగా హెచ్చరించిరి. పట్టాలు వెంటనే తొలగినవి. కొలదిదినములు గడువకముందే ఆ సంస్థ అమెరికా అంగడిలో గాంధీమహాత్ముని బొమ్మగల చెప్పులు కనబడినవి. దేవతల బొమ్మలు గల పట్టాలను గూర్చి 2016లోను, 2019లోను ఇట్టి కలకలమే రేగినది. ప్రతిసారియు కథ యొక్కటియే: వస్తువు వచ్చును, కోపము పుట్టును, వస్తువు పోవును, మఱియొక రూపమున మరల వచ్చును.

ఇది సముద్రముల కావలి సంగతి యని త్రోసివేయ వీలులేదు. 2019లో మన నగరపు నానక్‌రామ్‌గూడలో తెఱచిన భవనము, విస్తీర్ణములో తన భవనములన్నింటికంటె పెద్దదని ఆ సంస్థయే ప్రకటించెను. అట్టి కార్యాలయములలో పనిచేయువారు మన పిల్లలే.

ఇట్లేల జరుగును? ఈ అంగళ్లలో సరకు పెట్టువాడు తఱచుగా అంగడి యజమాని కాడు. ఎక్కడెక్కడి వర్తకులో తమ వస్తువులను చేర్చుకొందురు. కొందఱు వర్తకులకడ వస్తువే యుండదు, బొమ్మ మాత్రముండును. ఒకే బొమ్మను యంత్రము చొక్కాకును, గోడతెరకును, దిండుగలేబుకును, కాలిపట్టాకును అతికించి చూపును. ఎవరైన కొన్న తరువాతనే అచ్చొత్తుదురు. యంత్రము బొమ్మను చూచును గాని అది యుండు చోటును చూడదు. గోడమీద మ్రొక్కదగిన రూపము పాదముల క్రింద అవమానమగునని మన యింటి పసిబిడ్డకు తెలియును. పైగా ఒక దేశమున అవమానమైనది మఱియొక దేశమున వేడుక. ఇంగ్లండులో తమ జెండానే కాలిపట్టామీద అచ్చొత్తి అమ్ముకొనువారు కలరు. కావున పొరపాటు కలుగుటను మేము క్షమింతుము. పొరపాటును దిద్దుటలోని పక్షపాతమును మాత్రము క్షమింపజాలము.

ఇందు మా తప్పును గూడ చెప్పుకొనవలెను. కొంతకాలము క్రిందట ఒక ఆన్‌లైను అంగడిలో దేవతామూర్తిగల కాలిపట్టాను చూచి మేము ఫిర్యాదు వ్రాసితిమి; మిత్రులచేతను వ్రాయించితిమి. మూడవనాటికి అది తొలగినది. తరగతిలో ఆ సంగతిని కొంత గర్వముతో చెప్పితిమి. పాఠము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి వచ్చి, "మాస్టారూ, అదే అంగడిలో మా కులం పేరును తిట్టుగా అచ్చేసిన చొక్కా ఉందండి. మా అన్నయ్య రెండుసార్లు రాశాడు. మా నియమాలకు విరుద్ధం కాదని జవాబు వచ్చింది. మీరు దాని మీద రాయలేదా అండీ?" అని యడిగెను. ఆ చొక్కాను మేమును చూచియుంటిమి. చూచి దాటిపోతిమి. ఆ బాలునికి సమాధానము చెప్పలేకపోతిమి. ఆ సాయంకాలమే వ్రాసితిమి; మాకును అదే జవాబు వచ్చినది. ఆ చొక్కా నేటికిని అమ్మకమునందే యున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రము అంగడిలో తూనికలను పరీక్షించు అధికారిని నిలిపి, దొంగతూనికకు దండన విధించినది. కొనువానినిబట్టి రాయి మాఱరాదు. కాని అదే గ్రంథము వాక్పారుష్యప్రకరణమున, అనగా తిట్టునకు శిక్ష చెప్పుచోట, వర్ణమునుబట్టి రాయిని మార్చినది. క్రిందివర్ణమువాడు పైవానిని తిట్టినచో జుల్మానా మెట్టునకు మూడేసి పణములు పెరుగును. పైవాడు క్రిందివానిని తిట్టినచో రెండేసి పణములు తగ్గును. సరకు తూచుటలో నున్న న్యాయము మానమును తూచుటలో లేకపోయెను. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 14వ అధికరణముచే ఆ మెట్లను కూలద్రోసినది. 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. కూలిన మెట్లను ఈ యంగళ్లు మరల కట్టుచున్నవి. నాడు మెట్టు వర్ణము. నేడు మెట్టు గొంతు. మంత్రిగారి గొంతునకు ఒక దినము, పదిమంది మిత్రుల గొంతునకు మూడు దినములు, ఒంటరివాని గొంతునకు ఎన్నటికిని లేదు.

నొచ్చితినన్న ప్రతివాని మాటయు వినినచో అమ్ముటకేమి మిగులునని కొందఱందురు. ఈ భయము నిజమైనదే. కోపమే ప్రమాణమైనచో చిన్నవర్తకుడు నిరపరాధియయ్యు నష్టపడును. అందుచేతనే కోపమును గాక వస్తువును తూచవలెనని మేము చెప్పుచున్నాము. అది మనుష్యులను పుట్టుకనుబట్టి హీనపఱచుచున్నదా? హీనపఱచినచో, ఒక్కడు చెప్పినను తొలగింపవలెను; లేనిచో, లక్షమంది యఱచినను నిలుపవలెను. తొలగించినప్పుడు, అట్టి వస్తువును మఱియే వర్తకుడు పెట్టినను తొలగింపవలెను. రెండు సందర్భములలోను కారణము చెప్పవలెను.

2020 నాటి ఈ-కామర్స్ నియమములు ప్రతి యంగడియు ఫిర్యాదుల అధికారిని నియమింపవలెననియు, 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలుపవలెననియు, ఒక నెలలో పరిష్కరింపవలెననియు శాసించుచున్నవి. గడువు చట్టమువలన వచ్చును. సమబుద్ధి చట్టమువలన రాదు. అది అంగడివారికిని కావలెను, మనకును కావలెను. మన దేవుని బొమ్మకై వ్రాసిన చేతితోనే పొరుగువాని పేరునకై వ్రాయుట మన గృహములలో అలవాటు కావలెను. మేము ఈ నెల మరల వ్రాసితిమి. ఈసారి ఆ విద్యార్థియన్నగారి పేరు మొదట నుంచి, మా పేరు దాని క్రింద నుంచితిమి.